ముందు ముద్ద వార్డెనుగారిది

విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలేంత దగ్గరలో, సముద్రం కనిపించనంత దూరంలో ఒక ప్రభుత్వ హాస్టలు ఉండేది. అందులో బోర్డర్లు ఇద్దరే. ఇద్దరికీ తోకలున్నాయి.

ఆ ఏడాది ఊళ్ళో డబ్బున్న కుర్రాళ్ళకి కుక్కలంటే మొహం మొత్తింది. ఒకడు ఆకుపచ్చ తొండని భుజాన వేసుకుని కాఫీ హోటలుకి వెళ్తే, ఇంకొకడు కుందేలుకి కళ్ళజోడు పెట్టి బీచిలో తిప్పాడు. మరొకడు ఫెర్రెట్లు తెప్పించాడు. ఫెర్రెట్ అంటే ముంగిసకి దూరపు చుట్టంలా ఉంటుంది. పిల్లికూనని అటూ ఇటూ పట్టుకుని సాగదీసినట్టు పొడుగ్గా, మూతి మాత్రం ఎవర్నో వెక్కిరిస్తున్నట్టుగా ఉంటుంది. ఊరివాళ్ళు దానికి సీమ ముంగిస అని పేరు పెట్టేశారు. ప్రభుత్వం ఉలిక్కిపడి, అనుమతి లేని వింత జంతువులన్నిటినీ స్వాధీనం చేసుకుంది. చేసుకున్నాక ఎక్కడ పెట్టాలో తెలియక హాస్టలు కట్టింది. హాస్టలు పూర్తయ్యేసరికి తొండనీ కుందేలునీ వాటి యజమానులు అనుమతులు తెచ్చుకుని విడిపించుకుపోయారు. సీమ ముంగిసల కోసం ఎవరూ రాలేదు. వాటి ఒంటి వాసన అలాంటిది.

హాస్టలైతే కట్టారు గాని దానికి నిబంధనలు రాయడం మరిచిపోయారు. గుర్తొచ్చాక, మళ్ళీ కొత్తగా ఏం రాస్తాంలే అని, విద్యార్థుల హాస్టళ్ళ నిబంధనలనే "తగు మార్పులతో" అమలు చేయవలసిందని ఉత్తర్వు ఇచ్చారు. తగు మార్పులేవో తేల్చే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. కాబట్టి మార్పులేవీ లేకుండానే అమలయ్యాయి. ఒక్కో సీమ ముంగిసకీ ఒక రేకు పెట్టె, కంచం, గ్లాసు, దువ్వెన, కొబ్బరినూనె సీసా మంజూరయ్యాయి. పొద్దున్నే ప్రార్థన, సాయంత్రం హాజరు. ఫెర్రెట్లు రోజులో ముప్పాతిక భాగం నిద్రపోతాయి కాబట్టి, హాజరు పట్టీలో వాటి నంబర్ల ఎదురుగా ప్రతిరోజూ "ఉన్నది, నిద్రలో" అని రాసి ఉండేది.

ఆ హాస్టలుకి పశువుల డాక్టరుగా వచ్చింది అలివేణి.

చదువు పూర్తయి, శ్రావణంలో పెళ్ళయి, భాద్రపదంలో ఉద్యోగం వచ్చింది. దాంతో ఆమెకి లోకంలో అన్నీ ముద్దొస్తున్నాయి. భర్త త్రినాథ్ స్కూటరు అద్దం మీద అతికించిన చిన్న వినాయకుడు ముద్దు. అతను కాలేజీలో లెక్కలు చెప్పి వచ్చాక జుట్టులో మిగిలిపోయే సుద్దపొడి ముద్దు. వాళ్ళ అద్దె ఇంటి వంటింటి కిటికీ మూసుకోకపోవడం కూడా ముద్దే. దాంట్లోంచి పక్కింటివాళ్ళ పోపు వాసన ఉచితంగా వచ్చేది. అలాంటి మనిషికి మొదటిరోజే ఆ రెండు జీవాల్నీ చూపిస్తే ఏమవుతుంది? గోధుమరంగుదానికి బెల్లం, తెల్లదానికి జున్ను అని అక్కడికక్కడే పేర్లు పెట్టేసింది. బెల్లం మగది, జున్ను ఆడది. కానీ జున్నుని ఒళ్ళోకి తీసుకోగానే ఆమె చేతులు ఆగిపోయాయి. వీపు మీద బొచ్చు ఊడిపోయి ఉంది. పక్కటెముకలు వేలికి తగులుతున్నాయి.

"వీటికి ఏం పెడుతున్నారు?" అని వంటమనిషి అప్పలకొండని అడిగింది.

"గోలీలండి డాట్రమ్మా. బస్తాల్లో వొత్తాయి. నాను కంచంలో పోత్తాను, అంతే. ముప్ఫైమందికి ఒండిన సెయ్యి నాది. ఇప్పుడు గోలీలు పోత్తన్నాను. ఏటి సేత్తాం, నా రాత!"

అలివేణి బస్తా తిప్పి చూసింది. దాని మీద పచ్చచుక్క ఉంది. సోయా, మొక్కజొన్న, క్యారెట్. మాంసం తప్ప ఇంకేమీ అరగని జీవాలకి శుద్ధ శాకాహార గోలీలు!

సరిగ్గా అప్పుడే వార్డెను పరాంకుశం గారు వచ్చారు. తెల్లటి చొక్కా, నుదుట సన్నటి తిరుచూర్ణం, చేతిలో స్టీలు చెంచా. ఆయన కంచం ముందు పీట వేసుకుని కూర్చుని, ఒక గోలీని చెంచాలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని నమిలారు.

"నిన్నటికంటే కరకర తగ్గింది. బస్తా మూతి సరిగ్గా కట్టడం లేదు అప్పలకొండా," అని గడియారం చూసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారు సార్?" అంది అలివేణి.

"వేచి ఉన్నాను. బోర్డర్లకి వడ్డించే ప్రతి పదార్థాన్నీ అరగంట ముందు వార్డెను స్వయంగా రుచి చూడవలెను. అరగంట గడిచాక వార్డెను ఆరోగ్యంగా ఉన్నచో గంట కొట్టవలెను. డాక్టరమ్మా, ముప్ఫై ఏళ్ళు పిల్లల హాస్టళ్ళలో పనిచేశాను. నా పిల్లల్లో ఒక్కడికి కూడా కడుపునొప్పి రాలేదు. ఎందుకంటారు? ముందు ముద్ద నాది. వచ్చే నొప్పేదో నాకే రావాలి."

ఆయన అది గొప్పకి చెప్పలేదు. మామూలుగా, చొక్కా గుండీ పెట్టుకుంటున్నంత తేలిగ్గా చెప్పారు. అలివేణికి నవ్వాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు. పక్కన జున్ను గోలీల వాసన చూసి, మొహం తిప్పుకుని, రేకు పెట్టె వెనక్కి పోయి పడుకుంది.

మర్నాడే అలివేణి సిఫారసు రాసి ఇచ్చింది: ఈ జీవాలకి పచ్చి మాంసం పెట్టాలి. అలవాటు లేదు కాబట్టి ఒక్కసారిగా వద్దు. గోలీల్ని నానబెట్టి గుజ్జు చేసి, అందులో కాస్త కోడిమాంసం కలిపి, రోజురోజుకీ గోలీలు తగ్గిస్తూ మాంసం పెంచుతూ పోవాలి. ఆలస్యమైతే జున్ను బతకదు. ఈ చివరి వాక్యం కింద గీత కూడా గీసింది.

పరాంకుశం గారు అది రెండుసార్లు చదివారు. "జున్ను అనగా?"

"తెల్లది సార్."

"ఆహార పట్టికలో మార్పుకి ఆహార కమిటీ తీర్మానం కావాలి. కమిటీలో బోర్డర్ల ప్రతినిధులు ఇద్దరు ఉండాలి."

"ఉన్నదే ఇద్దరు కదా సార్."

"అయితే పూర్తి ప్రాతినిధ్యం. శుభం."

కమిటీ సమావేశం జరిగింది. బెల్లం కుర్చీలో నిద్రపోయింది. జున్ను ముందు అలివేణి చున్నీలోకి దూరి, తర్వాత నిద్రపోయింది. అప్పలకొండ మాత్రం గట్టిగా అభ్యంతరం చెప్పింది. "పచ్చిదేటమ్మా! నాను ఒంటలక్కని. ఒండకుండా పెట్టీసినకాడికి నానెందుకు? రేపు పై ఆపీసరొచ్చి, ఒంటే నేనప్పుడు ఒంటలక్కెందుకే అని ఇంటికి పంపీడా? పోనీ కూసింత పోపయినా ఎయ్యనియ్యండి."

మాంసం కడగడం, కొయ్యడం, చల్లపెట్టెలో పెట్టడం కూడా వంటలో భాగమేనని తీర్మానంలో రాశాక ఆమె శాంతించింది. "బోర్డర్ల ప్రతినిధులు ఎట్టి అభ్యంతరమూ వ్యక్తం చేయలేదు" అని ముగించి పరాంకుశం గారు కలం మూత పెట్టారు. అలివేణి సంతోషంతో లేచి నిలబడింది. అప్పుడు ఆయన మెల్లగా అన్నారు:

"ఇప్పుడు ఒక్కటే చిక్కు, డాక్టరమ్మా. రుచి."

పరాంకుశం గారు పుట్టి బుద్ధెరిగాక కోడిగుడ్డు ఉన్న గదిలో కాఫీ కూడా తాగలేదు. ముప్ఫై ఏళ్ళూ ఆయన పనిచేసినవి శాకాహార హాస్టళ్ళే.

"మీ బదులు నేను చూస్తాను సార్," అంది అలివేణి.

"స్వయంగా అని ఉంది."

"పోనీ ఒక్కసారికి చూడకుండా..."

ఆయన ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు. నీ పిల్లాణ్ణి నూతిలోకి తోసెయ్యమంటే తల్లి చూసే చూపు అది. "ముప్ఫై ఏళ్ళలో ఒక్క పూట కూడా చూడకుండా పెట్టలేదమ్మా," అన్నారు.

పోనీ డాక్టరమ్మ తన టిఫిను డబ్బాలో కాస్త మాంసం దాచి తెస్తే? తెచ్చింది. బయటి తినుబండారాలు నిషేధం కాబట్టి గేటు దగ్గర పరాంకుశం గారే డబ్బా మూత తీసి, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "క్షమించాలి," అని మళ్ళీ మూసి, మేకుకి తగిలించి, సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చారు. అంతసేపూ ఎండలో ఉండటంతో ఆ డబ్బాని త్రినాథ్ వీధి చివరే ఆపించేశాడు.

ఆ రోజు భోజనాల దగ్గర అలివేణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. త్రినాథ్ కంచంలో కాకరకాయ వేపుడు పక్కకి నెట్టుతూ, "ఏడవకు వేణీ. పై అధికారులకి రాయి. ఎక్కడో ఒకచోట బుద్ధున్నవాడు తగులుతాడు. సంభావ్యత అంటూ ఒకటుంటుంది," అన్నాడు.

"ముందు ఆ వేపుడు తినండి."

"తింటున్నాగా. నిన్న రెండు చక్రాలు వేశావు, ఇవాళ మూడున్నాయి. నాకు లెక్కలొచ్చు."

చిన్నప్పట్నుంచీ కాకరకాయ మొహం చూడని మనిషికి ఆమె బంగాళాదుంపల్లో దాచి ఒక్కొక్క చక్రమే పెంచుతోంది. దొరికిపోయినందుకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

పై అధికారికి రాసింది. ఉపసంచాలకులు ధర్మలింగం గారు స్వయంగా వచ్చారు. ఆయన ఏ మాటనీ ఒంటరిగా పంపరు. ముందొకటి వెనకొకటి తోడిచ్చి పంపుతారు. సమస్య అంతా విని, కొబ్బరినీళ్ళు తాగి, కళ్ళు సగం మూశారు.

"సదరు మాంసము మానవ వినియోగార్థము పచ్చిగా యోగ్యము కాదు. సదరు జంతువుల వినియోగార్థము వండినచో యోగ్యము కాదు. కనుక ఇందుమూలముగా నేను సూచించునది ఏమనగా, ముందు వండవలెను, వార్డెను రుచి చూడవలెను, తదనంతరము దానిని తిరిగి పచ్చిగా మార్చి బోర్డర్లకు వడ్డించవలెను."

"వండినదాన్ని పచ్చిగా మార్చడం కుదరదు సార్," అంది అలివేణి.

"ప్రయత్నము జరిగినదా?"

"లేదు సార్, కానీ..."

"ప్రయత్నము జరగకుండానే కుదరదనుట శాస్త్రీయ దృక్పథము కాదు డాక్టరుగారూ. మీరు చదువుకున్నవారు." అని అక్కడికక్కడే ఉపసంఘం వేశారు.

ఉపసంఘం పని మొదలుపెట్టింది. అప్పలకొండ కోడిమాంసం ఉడికించి చల్లపెట్టెలో పెట్టింది. తీసి చూస్తే చల్లగా ఉడికిన మాంసం. ఐసుగడ్డల్లో పెట్టింది. గట్టిగా ఉడికిన మాంసం. ఉడికించిన నీళ్ళనే వెనక్కి పోసి చూసింది. పలచగా ఉడికిన మాంసం. "బాబుగారూ, పోయిన పేణం తిరిగొచ్చినా రావచ్చు గాని, ఉడికినది పచ్చవదండి," అని ఆమె ఉపసంఘానికి నివేదించింది. ఆ ఉడికిన మాంసమైనా జున్నుకి పెడదామంటే, అది ప్రయోగ సామగ్రి. పైగా వార్డెను రుచి చూసింది కాదు. జున్ను ఆ గిన్నె చుట్టూ తిరిగి తిరిగి, చివరికి గిన్నె పక్కనే ముడుచుకుని పడుకుంది. బెల్లం వెళ్ళి దాని మెడ మీద తలపెట్టింది.

ధర్మలింగం గారు నివేదిక చూసి నిరుత్సాహపడలేదు. అలివేణి మొదటి సిఫారసుని మళ్ళీ తెప్పించుకుని చదివారు. చదువుతూ చదువుతూ ఆయన మొహం వెలిగిపోయింది.

"డాక్టరుగారూ! అలవాటు లేని జీవికి పచ్చి మాంసము ఒక్కసారిగా పెట్టరాదు, పాత ఆహారములో కలిపి క్రమక్రమముగా పెంచవలెనని తమరే కదా రాసినది?"

"అవును సార్."

"అట్లయిన, ఇక్కడ అలవాటు లేని జీవి ఎవరు?"

అలివేణి జున్ను వైపు చూపించింది. ధర్మలింగం గారు తల అడ్డంగా ఊపి, పరాంకుశం గారి వైపు చూపించారు.

అలా వార్డెనుగారి ఆహార మార్పిడి కార్యక్రమం మంజూరైంది. ముందు వార్డెను పచ్చి మాంసానికి అలవాటు పడవలెను. తదుపరి రుచి చూడవలెను. తదుపరి బోర్డర్ల ఆహార మార్పిడి ప్రారంభం కావలెను. కార్యక్రమాన్ని పర్యవేక్షించే బాధ్యత పశువైద్యురాలికి అప్పగించడమైనది.

"సార్, మీరు ఒప్పుకోకండి," అంది అలివేణి, ధర్మలింగం గారు వెళ్ళాక. "ఇది అన్యాయం. మీరు కాదంటే ఎవరూ బలవంతపెట్టలేరు."

పరాంకుశం గారు జున్ను ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. మొదట్లో ఆయన దాన్ని తెల్ల బోర్డరు అనేవారు. ఈమధ్య ఎవరూ లేరనుకున్నప్పుడు జున్నమ్మా అంటున్నారు. "నేను కాదంటే ఈ పిల్ల ఏమవుతుంది?" అన్నారు. "మొదలుపెట్టండి డాక్టరమ్మా. మొదటి మెట్టు ఏమిటి?"

మొదటి మెట్టు, కోడిగుడ్డు ఉన్న గదిలో కూర్చోవడం. అలివేణి బల్లకి ఆ చివర గుడ్డు పెట్టింది. ఈ చివర ఆయన కూర్చుని విష్ణు సహస్రనామం చదివారు. మర్నాడు గుడ్డుని బల్ల మధ్యకి జరిపారు. ఆయన గొంతు ఒక స్థాయి పెరిగింది. ఆ తర్వాత గుడ్డుని చేత్తో పట్టుకున్నారు. పట్టుకుని, "వెచ్చగా లేదే," అని ఆశ్చర్యపోయారు.

రెండో మెట్టు, పెరుగన్నం తింటూ కోడిమాంసం కొట్టు ఎదురుగా నిలబడటం. కొట్టువాడు మూడురోజులు చూసి, నాలుగోరోజు బయటికొచ్చి, "ఏటండి పంతులుగారూ, మా కొట్టుమీద ఏటైనా చేయించినారా?" అని భయంగా అడిగాడు. ప్రభుత్వ కార్యక్రమం అని చెబితే ఇంకా భయపడ్డాడు.

ఆయన చిక్కిపోతున్నారు. అలివేణి వారంవారం జున్నుని తూచినట్టే ఆయన్నీ తూచి నివేదిక పంపవలసి వచ్చేది. రెండు ముళ్ళూ కిందికే దిగుతున్నాయి. ఇంట్లో త్రినాథ్ మాత్రం కాకరకాయ వేపుడు మారు అడిగి వేసుకుంటున్నాడు. "అందరిలోనూ నేనొక్కణ్ణే మెరుగైన సీమ ముంగిసని," అన్నాడు. ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. "ఏవండీ, జున్ను నిన్నటినుంచీ లేచి ఆడటం లేదు," అంది.

ఆడటం అంటే ఫెర్రెట్లకి ఒక ఆట ఉంది. ఆనందం పట్టలేనప్పుడు వీపు విల్లులా వంచి, నాలుగు కాళ్ళూ ఒకేసారి లేపి, అటూ ఇటూ ఎగిరి, గోడకి గుద్దుకుని, గుద్దుకున్నందుకు ఇంకా సంతోషించి మళ్ళీ ఎగురుతాయి. అలివేణి చేరిన కొత్తలో బెల్లంతోపాటు జున్ను కూడా రోజుకొక్కసారైనా ఎగిరేది. అలివేణికి ఉద్యోగంలో జీతంకంటే అదే ఇష్టం.

దసరా సెలవులకి ముందురోజున ధర్మలింగం గారు తుది రుచి కార్యక్రమం ఏర్పాటు చేశారు. వార్డెనుగారికి శాలువా, గోడకి బ్యానరు, ఫొటోలు తీసే మనిషి. బల్ల మీద గిన్నెలో చిన్న చిన్న ముక్కలుగా కోసిన పచ్చి కోడిమాంసం. అప్పలకొండ దాని మీద అలవాటు చొప్పున కొత్తిమీర చల్లబోతే అలివేణి చెయ్యి పట్టుకుంది. బోర్డర్ల ప్రతినిధిగా జున్నుని వార్డెనుగారి ఒళ్ళో కూర్చోబెట్టారు. అది కళ్ళు తెరవకుండానే కూర్చుంది.

"సేవాతత్పరతకు, త్యాగనిరతికి, నిబంధనాపాలనకు ప్రతిరూపమైన..." అని ధర్మలింగం గారు మొదలుపెట్టి చాలాసేపటికి ఆపారు. "ఇక కానివ్వండి."

పరాంకుశం గారు స్టీలు చెంచాలో ఒక ముక్క తీసుకున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఎవర్నో క్షమాపణ అడుగుతున్నట్టున్నారు. చెంచా మెల్లగా లేచింది. గడ్డం దాకా వచ్చింది. అలివేణి కళ్ళు మూసుకుంది.

చెంచా గడ్డం దాకా రావాలంటే జున్ను ముక్కు ముందునుంచి రావాలి.

ఎన్నాళ్ళుగానో లేవని జీవి ఎలా లేచిందో ఎవరికీ తెలియదు. తెల్లటి చారలా పైకి సాగి, చెంచా పట్టుకున్న ఆ చేతి మీదుగా వెళ్ళి, ముక్కని నోట కరుచుకుని, శాలువా మీంచి జారి, బల్ల కిందికి దూరింది. తర్వాత వినిపించిందల్లా నమిలే చప్పుడు. ఆ చప్పుడుకి బెల్లం ఎక్కడినుంచో దూకి వచ్చి గిన్నెనే కిందికి లాగేసింది.

అలివేణి చప్పట్లు కొట్టబోయి, అందరి మొహాలూ చూసి, రెండు చేతులూ నమస్కారంలా ఆపుకుంది.

ధర్మలింగం గారి మొహం ఎర్రబడింది. "వార్డెను రుచి చూడకమునుపే బోర్డరు భుజించుటయా? అదియును వార్డెను చేతిలోనుంచి లాగుకొనియా? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇట్టి క్రమశిక్షణారాహిత్యము చూచితిరా పరాంకుశం గారూ?"

పరాంకుశం గారు ఖాళీ చెంచా వైపు చూస్తున్నారు. చాలారోజుల తర్వాత ఆయన భుజాలు కిందికి దిగాయి. "చూడలేదు సార్," అన్నారు. "ఇలాంటి తప్పుకి పిల్లల హాస్టళ్ళలో ఒకటే పద్ధతి. ఇంటికి పంపించి, తల్లిదండ్రుల్ని తీసుకురమ్మంటాం."

"తక్షణమే పంపవలెను!"

"తల్లిదండ్రులు లేనివారికి సంరక్షకులు కావాలి సార్. దంపతులై ఉండాలి."

ఆయన చూపు మెల్లగా అలివేణి మీదికి వచ్చి ఆగింది.

గంటలో త్రినాథ్ జుట్టులో సుద్దపొడితోనే స్కూటరు మీద వచ్చాడు. భార్యాభర్తలిద్దర్నీ వార్డెనుగారి బల్ల ముందు నిలబెట్టారు. కుర్చీలు ఉన్నాయి గాని, పిలిపించిన తల్లిదండ్రులు నిలబడటమే ఆనవాయితీ.

"తండ్రి వృత్తి?" అన్నారు ధర్మలింగం గారు.

"లెక్కల లెక్చరర్నండి."

"లెక్కలు బోధించువారి పెంపకములో ఇట్టి ప్రవర్తనయా?"

"మాకు పెళ్ళయి రెండు నెలలేనండి," అన్నాడు త్రినాథ్ చేతులు కట్టుకుని.

"అదే గారాబమునకు కారణము. తల్లి ఏమి చేయుచున్నది?"

"ఇక్కడే డాక్టరు సార్," అంది అలివేణి తల వంచుకుని. నవ్వు కనపడకుండా ఉండాలంటే అంతకంటే మార్గం లేదు.

"తల్లి సమక్షముననే జరిగినదన్నమాట! ప్రవర్తన మెరుగుపడువరకు బోర్డర్లను సంరక్షకుల వద్దనే ఉంచవలెను."

పరాంకుశం గారు రెండు రేకు పెట్టెలూ, దువ్వెనలూ, కొబ్బరినూనె సీసాలూ సర్ది స్వయంగా గేటు దాకా తెచ్చారు. త్రినాథ్ స్కూటరు ముందు పెట్టెలు పెట్టుకున్నాడు. అలివేణి వెనక బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగింది.

"సార్, ఇంటి దగ్గర వీటికి ఏం పెట్టాలి?"

ఆయన ఆకాశం వైపు చూశారు. "హాస్టలు నిబంధనలు గేటు లోపలికే డాక్టరమ్మా. గేటు దాటాక పిల్లలు ఏం తింటారన్నది తల్లి ఇష్టం. నేను అడగను, మీరు చెప్పకండి." అని బుట్టలోకి వంగి, "వెళ్ళిరా జున్నమ్మా. అల్లరి చెయ్యకు," అని, వెంటనే గొంతు సవరించుకుని, "ఇద్దరూ," అన్నారు.

ఇంట్లో ఎవరి తీర్మానమూ అక్కర్లేకపోయింది. మొదట గోలీల గుజ్జులో కాస్త మాంసం, తర్వాత మాంసంలో కాస్త గుజ్జు, ఆ తర్వాత ఉత్త మాంసం. మధ్యలో కాలేయం ముక్క పెడితే బెల్లం దాన్ని త్రినాథ్ చెప్పులో దాచుకుంది. చెప్పు వేసుకున్నాక అతనికి తెలిసింది. మూడు వీధులకి వినిపించేలా అరిచి, తర్వాత అంత గట్టిగానూ నవ్వాడు. సెలవులు అయిపోయాయి. వాటిని వెనక్కి పిలవాలంటే ప్రవర్తన మెరుగుపడిందని సంరక్షకులు రాసివ్వాలి. అలివేణి వారంవారం "ఇంకా మెరుగుపడలేదు" అని శ్రద్ధగా రాసి పంపుతూనే ఉంది.

దీపావళి ముందు ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. పరాంకుశం గారు. చేతిలో పటిక బెల్లం పొట్లం, జేబులోంచి కనిపిస్తూ స్టీలు చెంచా.

"తనిఖీకి రాలేదమ్మా," అన్నారు ముందుగానే. "హాస్టల్లో ఏమీ తోచడం లేదు. పొద్దున్నే వెళ్తాను. ఒక గోలీ నములుతాను. అరగంట కూర్చుంటాను. గంట కొడతాను. ఎవరూ రారు."

అలివేణి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళింది. కిటికీ కింద ఎండలో జున్ను ఉంది. వీపు మీద కొత్త బొచ్చు, పత్తికాయ అప్పుడే విచ్చినట్టు. ఆయన గొంతు వినగానే తలెత్తింది. వీపు విల్లులా వంచింది. నాలుగు కాళ్ళూ గాలిలోకి లేపి ఎగిరి, బీరువాకి గుద్దుకుని, మళ్ళీ ఎగిరింది. పరాంకుశం గారు గోడ పట్టుకుని నిలబడి చూశారు. ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది పిల్లలు తిని లేచి ఆటకి పరుగెత్తి ఉంటారు! కానీ అంతసేపు నిలబడి చూడటానికి ఆయనకి తీరిక దొరికింది ఇప్పుడే.

"ఇక్కడ ముందు ఎవరు రుచి చూస్తున్నారు?" అని మెల్లగా అడిగారు.

"అదే సార్. జున్నే. అది ఒక ముక్క తిని అటు జరిగాకే బెల్లం వస్తాడు."

ఆయన వంగి జున్ను తల నిమిరారు. "మంచి పిల్ల," అన్నారు.

త్రినాథ్ పీట వేశాడు. పులిహోర, కాకరకాయ వేపుడు, పెరుగు. అలివేణి విడిగా, కొత్త గిన్నెల్లో వండింది. పరాంకుశం గారు కూర్చుని, అలవాటుగా చెంచా తీసి, ఎదురుగా పిల్లలెవరూ లేకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియనట్టు ఆగిపోయారు.

అలివేణి ఒక్క క్షణం ఆలోచించింది. గిన్నెలోంచి చిటికెడు పులిహోర తన అరచేతిలో వేసుకుని, ఆయన ఎదురుగా కూర్చుని నోట్లో వేసుకుంది.

"బాగుంది సార్. ఉప్పు సరిపోయింది. తినండి."

పరాంకుశం గారు ఆమె వైపు చూశారు. తన కోసం ముందు ముద్ద ఎవరైనా తిన్న రోజు ఆయనకి గుర్తు లేదు. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. చెంచా విస్తరి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"తినండి మాస్టారూ, చల్లారిపోతుంది," అన్నాడు త్రినాథ్.

"తింటాను బాబూ," అన్నారాయన, గోడ మీది గడియారం వైపు చూస్తూ. "అమ్మాయికి అరగంట గడవనివ్వండి."